నా జబ్బుకు అక్క పథ్యం

మీ ఊళ్ళో పచ్చకామెర్లకు పసరు తాగి బాగుపడినవాళ్ళ పేర్లు చెప్పమంటే మీరు వేళ్ళు మడుస్తూ గడగడా చెప్తారు. అదే పసరు తాగి చనిపోయినవాళ్ళ పేర్లు మీకు ఒక్కటి కూడా ఎందుకు గుర్తురాదు?

తొందరేం లేదు, ఆలోచించండి. బతికినవాడు మీ వీధిలోనే తిరుగుతుంటాడు, కనబడిన ప్రతివాడికీ తన కథ చెప్తాడు. పోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు. వాడి ఇంట్లోవాళ్ళు "మేం పత్తెం సరిగ్గా ఉండలేదు" అని తప్పు తమ మీదే వేసుకుని ఊరుకుంటారు. పసరు పేరు మాత్రం చెక్కుచెదరదు.

ఈ ప్రశ్న నేను ఏళ్ళ తరబడి సభల్లో అడుగుతూ వచ్చాను. పోయినేడాది పచ్చకామెర్లు నాకే వచ్చాయి. నేను పసరు తాగలేదు. పథ్యం ఉండలేదు. అయినా ఆ వైద్యం మా ఇంట్లో ఒక మనిషిని దాదాపు చంపింది. ఎట్లాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు నా కళ్ళు తెల్లగా ఉన్నాయి, కాబట్టి రాయగలుగుతున్నాను.

జూలై

నేను నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. పెళ్ళి చేసుకోలేదు. నా ఒక్కగానొక్క తోబుట్టువు లక్ష్మీదేవి, నాకన్నా ఆరేళ్ళు పెద్దది, ఆళ్లగడ్డలో ఉంటుంది. బావకు రుద్రవరం దారిలో వరి పొలం ఉంది. మా నాయన మమ్మల్ని వింతగా పెంచాడు. అన్నం దగ్గర ఒక విషయం ఇచ్చి, చెరొక పక్షం తీసుకుని వాదించమనేవాడు. దేవుడు ఉన్నాడా, బలి ఇవ్వవచ్చా, ముహూర్తాలు అవసరమా. నేను కంచం చల్లారేదాకా వాదించేదాన్ని. అక్క రెండు మాటలు చెప్పి, "సర్లే పాపా, నువ్వే గెలిచినావు, తిను" అనేది. నేను వ్యాసాలు రాసేదాన్నయ్యాను. ఆమె శనివారాలు ఒంటిపూట ఉండే మనిషయింది.

మేము పరుగు మొదలుపెట్టడం మా వీధిలో టైలరు షమీం వల్ల జరిగింది. ఆమెకు షుగరు. డాక్టరు నడవమంటే నడుస్తూ నడుస్తూ, కర్నూలులో జరగబోయే నగర మారథాన్ పోస్టరు ఎక్కడో చూసింది. నలుగురు కలిసి దూరాన్ని పంచుకుని పరిగెత్తే రిలే కూడా ఉందట.

"అక్కా, నలభై రెండు కిలోమీటర్లు నలుగురికి పంచితే తలా ఎంత?" అని నన్నడిగింది.

"పదిన్నర."

"అంతేనా! మా అత్తగారిల్లు అంతకన్నా దూరం. ఎన్నిసార్లు అలిగి నడిచి రాలేదు నేను!"

మూడో మనిషిగా సుగుణ టీచరు వచ్చింది. చర్చి పాటల బృందంలో ముప్పై ఏళ్ళుగా పాడుతున్న గొంతు, దానికి తగ్గ ఊపిరితిత్తులు. నాలుగో మనిషి దొరకలేదు. ఊరికే అడిగి చూద్దామని అక్కకు ఫోన్ చేశాను.

"బూట్లేసుకోవల్నా? నేనేమన్నా పోలీసునా?" అంది. మరుసటి ఆదివారం మొదటి బస్సుకే నంద్యాలలో దిగింది, చేతిలో కొత్త బూట్ల డబ్బాతో.

షమీం మా నలుగురికీ మోకాళ్ళ కిందిదాకా వచ్చే వదులు కుర్తాలు, వాటి కిందికి ప్యాంట్లు కుట్టింది. మొదటి వారాల్లో మేము చేసినదాన్ని పరుగు అనడానికి వీల్లేదు. ఒక కరెంటు స్తంభం దాకా పరుగు, తర్వాతి స్తంభం దాకా నడక. కాలేజీ గ్రౌండులో వాలీబాల్ ఆడే పిల్లలు ఆట ఆపి మమ్మల్ని చూసేవాళ్ళు. నాకు ఊపిరి అందేది కాదు. సుగుణకు మోకాళ్ళ నొప్పి. షమీంకు నవ్వు ఆగేది కాదు. మా అందరిలో బాగా పరిగెత్తింది అక్కే. గట్ల మీద నెత్తిన బరువుతో నడిచిన కాళ్ళు అవి.

ఆళ్లగడ్డలో బావ ఆటపట్టించేవాడట. "ఈ వయసులో ఎవుర్ని పట్టుకునేదానికి పరిగెత్తతాండావే?"

"నిన్నైతే నడిచే పట్టుకుంటా" అందట.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. గొంతులో ఆయాసం, గర్వం. "పాపా, ఇయ్యాల యాడా ఆగకుండా మన పొలం దాకా పోయినా. గొర్రెలాయప్ప నన్ను సూసి, ఎవురో తరుముతాండారనుకొని కట్టె ఎత్తుకొని అడ్డమొచ్చినాడు!"

ఆ నెలంతా మేము నలుగురం చిన్నపిల్లలమయ్యాం. అది కూడా రాయాలి.

ఆగస్టు

ఆదివారం పరుగయ్యాక రోడ్డు పక్కన చెరుకు రసం తాగడం మాకు అలవాటయింది. సుగుణ ఒక్కతే వేడి టీ తాగేది. ఆ రసంలో వేసే ఐసువల్లే నాకు జబ్బు వచ్చిందని ప్రమాణం చేయలేను. వానాకాలంలో నంద్యాలలో కలుషితమైన నీళ్ళు ఎక్కడైనా తాగి ఉండవచ్చు. కారణం తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి.

ముందు అలసట వచ్చింది. పరుగువల్ల అనుకున్నాను. తర్వాత తాలింపు వాసన వస్తే కడుపులో తిప్పడం మొదలైంది. గ్రౌండులో సుగుణ నా గడ్డం పట్టుకుని ముఖం ఎండవైపు తిప్పింది.

"సరళా, కళ్ళు సూపీ. పైకి సూడు. అయ్యో, పసుపు పూసినట్టుండాయి గదమ్మా."

డాక్టరు రక్తం చూసి, కాలేయానికి వాపు వచ్చిందన్నాడు. నీళ్ళ ద్వారా వచ్చే రకం, చాలామందికి దానంతట అదే తగ్గుతుంది, మధ్యమధ్యలో పరీక్షలు చేసి చూసుకుందాం, పరుగు మానండి, తినగలిగింది తినండి, ఉప్పు మానాల్సిన పనిలేదు అన్నాడు. అక్క నా వెనకే నిలబడి ఉంది. కబురు తెలియగానే సంచీ సర్దుకుని వచ్చేసింది.

"నేనేం చేయాల సార్?" అని అడిగింది.

"మీరేం చేయక్కర్లేదమ్మా. రెస్టే మందు."

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మాయలేదు, మంత్రంలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు అనుకున్నాను. అక్క ముఖం వైపు నేను చూడలేదు.

ఇంటికొచ్చాక ఆమె పసరు సంగతి ఎత్తింది. వెలుగోడు వైపు ఒక పల్లెలో పసరు పోసే పెద్దమనిషి ఉన్నాడు. ఆదివారం పరగడుపున పాలల్లో పోస్తాడు. తర్వాత ఉప్పు, పులుపు, నూనె మానేసి చప్పిడి పథ్యం ఉండాలి.

"ఆయప్ప దుడ్లు గూడా తీసుకోడు పాపా. మోసగాడైతే తీసుకోడా?"

"డబ్బు తీసుకోకపోతే మంచివాడని తెలుస్తుంది. మందు పనిచేస్తుందని తెలియదు."

"ఎంతమందికి తగ్గిందో తెల్సునా నీకు?"

"డాక్టరు ఏం చెప్పాడు? చాలామందికి దానంతట అదే తగ్గుతుందన్నాడు గదా. ఆ తగ్గేవాళ్ళకు ఆయన పసరు పోస్తాడు. తగ్గిందని పేరు ఆయనకొస్తుంది. తగ్గనివాళ్ళు కర్నూలు ఆసుపత్రికి పోతారు. పేరు ఆసుపత్రికి పోతుంది."

అక్క "సర్లే పాపా, నీ ఇష్టం" అంది.

తర్వాతి వారాల్లో నేను పడుకునే ఉన్నాను. దురద, నోట్లో చేదు, మధ్యాహ్నం ఫ్యాను చప్పుడు, పక్కింటి కుక్కరు కూత. శాస్త్రం చదివినవాళ్ళకు భయం తక్కువ ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. మాకు భయపడాల్సిన విషయాలు పేర్లతో సహా తెలుసు. రెండో రక్తపరీక్షలో కామెర్ల అంకె తగ్గలేదు, పెరిగింది. ఆ కాగితం పట్టుకుని ల్యాబు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, దానంతట అది తగ్గని ఆ తక్కువమందిలో నేనూ ఉన్నానేమోనన్న ఆలోచన ఆగలేదు. అక్క కాగితం వైపు చూడలేదు. నా ముఖం చూసింది.

ఆ సాయంత్రం నా తలకు నూనె రాస్తూ అంది: "పరుగుకు మనం పేర్లు ఇచ్చినాం గదా. ఒకరు రెండు భాగాలు పరిగెత్తినా ఒప్పుకుంటారంట, షమీం కనుక్కుంది. నీ పదిన్నర గూడా నేనే పరిగెత్తతా."

"నీకేమన్నా పిచ్చా?"

"నువ్వు పండుకోని లేసేలోపల అయిపోతాది. నాకు గూడా ఏదో ఒకటి ఉండాల గదా చేసేదానికి."

రోజూ నేను నిద్రలేచేసరికి ఆమె గ్రౌండు నుంచి తిరిగి వచ్చి, స్నానం చేసి, నాకు జావ కాచి పెట్టేది. నేను తిన్నాక వంటింట్లో కూర్చుని తాను తినేది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు తినేది ఎప్పుడూ ఆఖరికే కదా. ఏం తింటున్నారో చూసేవాళ్ళు ఎవరు?

సెప్టెంబరు

అంకె తగ్గడం మొదలైంది. మొదటిసారి చారన్నం తిని వాంతి కాకుండా ఉన్న రోజు, అక్క వంటింటి గుమ్మంలో నిలబడి నేను ప్రతి ముద్దా మింగేదాకా చూసింది. ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. పరుగువల్ల సన్నబడిందని షమీం అసూయపడింది కూడా. "కుర్తా రెండుసార్లు లోపలికి కుట్టినానక్కా. ఇంకొంచెం తగ్గితే నా కూతురి కొలతలకు వస్తావు."

ఆ నెలాఖరు ఆదివారం ఉక్కగా ఉంది. ముగ్గురూ కాలువ గట్టు రోడ్డు మీద దూరం పరుగుకు పోయారు. ఇంట్లో నేను పేపరు చదువుతుంటే సుగుణ ఫోన్ చేసింది. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి, మాటలు తొక్కుకుంటూ వచ్చాయి.

"సరళా, అక్క పడిపోయింది. వాంతి చేసుకుంది. ఏందేందో మాట్లాడతాండాది, నన్ను గుర్తుపట్టలే. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతాండాం. బేగా రా."

నేను పోయేసరికి లోపలికి తీసుకుపోయారు. దారిలో ఆటోలో ఫిట్స్ వచ్చాయట. షమీం కుర్తా అంతా వాంతి. సుగుణ చేతుల్లో అక్క బూటు ఒకటి ఉంది, రెండోది ఎక్కడ పోయిందో తెలియదు.

అప్పుడు నాకు జరిగిన చిన్న విషయం ఒకటి చెప్పాలి. వెయిటింగు హాల్లో నేను ఒక కుర్చీలో కూర్చోగానే పక్కనున్నాయన నా కళ్ళు చూసి లేచి పోయాడు. అటువైపున్న తల్లి బిడ్డను దగ్గరికి లాక్కుంది. కళ్ళల్లో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. ముట్టుకుంటే అంటదని ఉపన్యాసం ఇచ్చే ఓపిక నాకు లేదు. అవతలి వరుస నుంచి ఒకామె పిలిచింది. సంజామల మనిషినని తర్వాత చెప్పింది, భర్త లోపల ఉన్నాడు.

"రామ్మా, ఈడ కూచో. నా పక్కన ఖాళీనే."

"మీకు భయం లేదా?"

"ఉండే భయం సాలదా, ఇంకోటి యాడ పెట్టుకుందును?" అంది. బిస్కెట్ పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టింది. ఆమె పేరు నేను అడగలేదు. భర్త బాగుపడ్డాడో లేదో కూడా తెలియదు.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు, నిద్రలేని కళ్ళు. "ఎవరు వీళ్ళ తాలూకు? ఒంట్లో ఉప్పు బాగా పడిపోయింది. దానివల్లే ఫిట్స్. ఏమైనా మాత్రలు వాడుతున్నారా?"

"బీపీ మాత్ర" అన్నాను.

"ఆ మాత్ర కూడా కొంత ఉప్పు బయటికి పంపుతుంది. కానీ ఇంతగా పడిపోవడానికి అదొక్కటే చాలదు. నాలుగైదు రోజులుగా ఏం తింటున్నారు?"

"తెలియదు" అన్నాను. ఒకే ఇంట్లో ఉన్నాం. నేనేం తిన్నానో ఆమె ముద్దతో సహా చెప్పగలదు.

సుగుణ మెల్లగా అంది: "డాక్టరుగారూ, ఒకటి చెప్పాల. ఆమె తూలుతాంటే నేను ఓఆర్ఎస్ కలిపి ఇచ్చినా. తాగలే. చేత్తో తోసేసింది. 'ఉప్పుంటాది, నాకొద్దు' అనింది. బాగా దప్పికగా ఉందని వట్టి నీళ్ళే తాగింది, సీసాలకు సీసాలు. మేమూ పోస్తానే ఉంటిమి."

ఉప్పుంటాది, నాకొద్దు.

ఆ పథ్యం ప్రకారం ఉప్పు మానాల్సినదాన్ని నేను. జబ్బు నాది. ఆమె ఎందుకు మానింది? ఈ లెక్క నా తలలో కుదిరేసరికి బావ ఆళ్లగడ్డ నుంచి దిగాడు. దుమ్ము కాళ్ళతో, పొలం నుంచి అట్లే వచ్చాడు.

"బావా, అక్క పథ్యం ఉందా?"

ఆయన నా వైపు చూశాడు. అంత కోపం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు పసరు తాగనంటివి గదా. ఈమె పొయి ఆయప్ప కాళ్ళు పట్టుకునింది. రోగి తాగకపోయినా, తోడబుట్టినోళ్లు చప్పిడి పత్తెం ఉంటే జబ్బు తగ్గుతాదని ఆయప్ప చెప్పినాడంట. ఆ పొద్దు నుంచి ఉప్పు ముట్టలే. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకునింది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే? వాదిస్తావు. గెలుస్తావు. నువ్వు గెలిస్తే నీ జబ్బు తగ్గదని దాని భయం. నీ తెలివితేటలకు నా పెండ్లాన్ని పణం పెట్టినావు సరళమ్మా."

హాలంతా మా వైపు తిరిగింది. షమీం లేచి ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. "అన్నా, ఆమె గూడా జబ్బు మనిషే. ముందు నీళ్ళు తాగు" అంది.

నేను ఆయనకు ఎదురు చెప్పలేదు. కానీ ఒప్పుకోనూ లేదు. ఆ రోజు అనుకున్నదే ఇవాళ కూడా అంటున్నాను. నేను పసరు తాగి ఉంటే అది ఇంకొక తప్పు అయ్యేది. పసరులో ఏ ఆకు ఉందో, అది వాచిన కాలేయాన్ని ఏం చేస్తుందో పోసేవాడికి కూడా తెలియదు. నా నిర్ణయం సరైనదే. అక్కను పడగొట్టింది ఆ పల్లె పెద్దమనిషి నోటి మాట. రోగి నమ్మకపోతే రోగి బంధువును పట్టుకునే ఆ మాట ఎంత తెలివైనదో చూడండి. నాకు తగ్గితే పథ్యం గొప్ప. తగ్గకపోతే అక్క ఎక్కడో ఉప్పు తగిలించుకుంది. ఏ వైపు తిరిగినా వైద్యుడు ఓడిపోడు.

ఒక ప్రశ్న మాత్రం నన్ను ఆ కుర్చీలో నుంచి లేవనివ్వలేదు. ఆ మాట ఆమెకు ఎందుకంత అవసరమైంది? 'నేనేం చేయాల సార్' అని ఆమె అడిగింది. ఆసుపత్రి ఏం చేయక్కర్లేదంది. శాస్త్రం నాకు విశ్రాంతి రాసిచ్చింది, ఆమెకు ఏమీ రాసివ్వలేదు. చెల్లెలు పసుపు పచ్చగా మారిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంది. పసరు మనిషి ఆమెకు ఒక పని ఇచ్చాడు. పనికిమాలిన పనే, ప్రాణం తీసే పనే. కానీ అడిగినదానికి జవాబు ఇచ్చినవాడు మా ఊళ్ళన్నిటిలో ఆయన ఒక్కడే.

అక్టోబరు

ఉప్పు ఒక్కసారిగా ఎక్కించకూడదట, మెదడుకు ప్రమాదమట. చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. ఆ చుక్కలను చూస్తూ గడిపాం, నేనూ బావా, ఒకే బెంచీకి చెరో చివర. రెండో రోజు ఆయన టీ తెచ్చి నా పక్కన పెట్టి, తన చివరకు పోయి కూర్చున్నాడు.

అక్టోబరు మొదట్లో అక్కకు పూర్తిగా తెలివి వచ్చింది. లోపలికి పోబోతుంటే నర్సు నన్ను ఆపింది. "మేడమ్, ఆమె ఇప్పటికి మూడుసార్లు అడిగింది, సీసాలో ఏముందని. గ్లూకోజని చెప్పినాం. ఉప్పని తెలిస్తే సూది పీకేస్తాదేమో. మీరు గూడా అట్లే చెప్పండి."

మంచి మనసుతోనే చెప్పింది. నాకు భయమేసింది కూడా. ఆమె నిజంగానే పీకేస్తే? డాక్టరమ్మ ఇంకా గండం దాటిందని చెప్పలేదు. ఒక అబద్ధంతో అక్క బతుకుతుందంటే చెప్పడానికి ఏం? కానీ ఆమెకు తెలియకుండా ఆమె ఒంట్లో ఏదో పోసి, తెలివిగలవాళ్ళం కాబట్టి మాకు హక్కుందనుకుంటే, పసరు మనిషికీ నాకూ తేడా ఏముంటుంది? ఆయన కనీసం ఆమెకు చెప్పే ఉప్పు మాన్పించాడు.

పోయి పక్కన కూర్చున్నాను. ఆమె ముందు నా కళ్ళ వైపే చూసింది.

"తెల్లబడినాయే పాపా" అంది. గొంతు బొంగురుగా ఉంది. ముఖమంతా వెలిగింది. "సూసినావా? పత్తెం పన్జేసింది."

చనిపోవలసిన మనిషి, గెలిచినదానిలా నవ్వుతోంది.

"ఆ సీసాలోది గ్లూకోజేనా?"

"కాదక్కా. ఉప్పు నీళ్ళు."

ఆమె చెయ్యి బిగుసుకుంది. నర్సు ఒక అడుగు ముందుకు వేసింది. నేను అక్క చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే బలవంతమవుతుంది.

"ఎప్పుడి నుంచి?"

"నిన్ను తెచ్చినప్పటి నుంచి. నీ ఒంట్లోకి అప్పటి నుంచి పోతూనే ఉంది."

"అయితే పత్తెం..."

"ఆ రోజే పోయింది."

ఆమె సూది లేని చెయ్యి ఎత్తి, బొటనవేలితో నా కింది రెప్ప కిందికి లాగింది. ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. కిటికీ వైపు తిరగమని గడ్డం తిప్పింది. నేను జీవితంలో ఎన్నో ప్రయోగశాలలు చూశాను. అంత శ్రద్ధగా పరిశీలించిన మనిషిని చూడలేదు.

"పత్తెం పోయినాక గూడా తెల్లబడతానే ఉండాయి" అంది, తనలో తాను.

"అవును."

"ముందు ఉండినందుకేమో."

"కావచ్చని అనుకో. మరి మా కాలేజీలో ముగ్గురు పిల్లలకు నాతోపాటే వచ్చింది. వాళ్ళకు తగ్గింది. వాళ్ళ అక్కలెవరూ ఉప్పు మానలేదు."

"అడిగినావా?"

"అడిగాను. నిన్న అందరికీ ఫోన్ చేసి అడిగాను."

నవ్వింది. "మొండిదానివి" అంది. కళ్ళు మూసుకుంది. సూది ఉన్న చెయ్యి వదులైంది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరవకుండానే అంది: "బావను పిలువు. ఎర్రకారం దోసె తెమ్మను. నోరు సచ్చిపోయింది ఉప్పు లేక."

బావ ఆ మాట విని గోడకు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతుండగా. డాక్టరమ్మ దోసెకు ఒప్పుకోలేదు. ఇడ్లీ, చట్నీకి ఒప్పుకుంది. అక్క ఆ చట్నీ వేలితో నాకింది.

ఇంటికి పంపే రోజు నేను డాక్టరమ్మను ఒక కోరిక కోరాను. "మా అక్కకు పని చెప్పండి. నేను బాగుపడే వరకు తాను ఏం చేయాలో ఆమెకే చెప్పండి, నాకు కాదు."

డాక్టరమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి, అర్థం చేసుకుంది. అక్క ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తాగే నీళ్ళు తెర్లి మరిగేదాకా కాచాలి. చెల్లెలు పగలు మత్తుగా పడుకున్నా, మాట తడబడినా ఆగకుండా తీసుకురావాలి. చేతులు సబ్బుతో కడగాలి, కడిగించాలి. ఇద్దరూ ఒకేసారి కూర్చుని ఒకే వంట తినాలి. అక్క ఒక్కొక్కదానికీ తలూపింది.

"ఇదంతా ముందే చెప్పింటే ఏమైతాండె?" అంది చివరకు.



చలికాలం

పరుగు రోజున మేమిద్దరం పరిగెత్తలేదు. డాక్టర్లు ఒప్పుకోలేదు, మేమూ పంతానికి పోలేదు. షమీం, సుగుణ చెరి రెండు భాగాలు పంచుకున్నారు. ఆ ముందు వారాల్లో సుగుణ ఎన్నిసార్లు ఏడ్చిందో, షమీం కాలి గోరు ఎట్లా ఊడిందో వాళ్ళే రాయాలి. మేము రిలేలో ఒకరి నుంచి ఒకరు చేతిపట్టీ మార్చుకునే చోట బల్ల వేసుకుని నిలబడ్డాం, నిమ్మకాయ నీళ్ళు కలుపుతూ. అక్క మా జట్టుకే ఇచ్చి ఊరుకోలేదు. దారినపోయే ప్రతి పరుగుమనిషినీ ఆపింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన వద్దండీ, వట్టి నీళ్ళు చాలు అన్నాడు.

"ఏం సాలు? నాకు తెలీదా సాలేది? తాగప్పా!" అని గదమాయించింది. ఆయన తాగేసి, దండం పెట్టి పోయాడు.

జట్లలో మావాళ్ళు చివరి నుంచి లెక్కపెడితే బేగా కనబడతారు. షమీం గీత దాటి, అక్కను పట్టుకుని కూలబడింది. "మా అత్తగారిల్లే దగ్గర!" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్కను అడిగాను. ఊరుకోవడం నాకు చేతకాదు. "ఇప్పుడు చెప్పు. పథ్యం మీద నమ్మకం పోయిందా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "నీకు మళ్ళా వస్తే నమ్మను. మీ బావకొస్తే అప్పుడు సూద్దాం."

నేను నవ్వలేదు. అది నేను విన్న జవాబులన్నిటిలోకి నిజాయితీ గల జవాబు. ప్రాణంలాంటి మనిషి పడిపోయినప్పుడు ఆమెకు మళ్ళీ భయం వేస్తుంది. ఆ భయానికి మళ్ళీ ఒక పని కావాలి. ఆ రోజు ఆమె పక్కన ఎవరు నిలబడి ఏ పని చెప్తారన్న దాని మీద ఉంటుంది, ఆమె బతకడం.

మూఢనమ్మకాల మీద రాసే తోటి రచయితలారా, మనం రోగితో బాగానే వాదిస్తున్నాం. మంచం పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడటం లేదు. డాక్టర్లారా, మీరు 'ఏం చేయక్కర్లేదు' అన్న ప్రతిసారీ ఒకరిని పసరు గడపకు పంపుతున్నారు. ఆ మాట ఇక ఎవరితోనూ అనకండి.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఎవరో ఒకరు జబ్బుపడి ఉంటారు. వాళ్ళకు సేవ చేస్తున్న ఆడమనిషి ఒకామె ఉంటుంది. ఈ కాగితం కింద పెట్టండి. లేచి ఆమె దగ్గరికి పొండి. ఇవాళ ఏం తిన్నావని అడగండి, ఏం మానేశావని కూడా అడగండి. వాదించకండి, ముందు వినండి. రోగిని చూసే డాక్టరు దగ్గరికి ఆమెను కూడా తీసుకుపోయి, ఆమె చేయాల్సిన పని ఆమెకు చెప్పించండి. ఈ పూట ఆమెకు వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఆమె తినేదాకా లేవకండి.